ఏడాది బిడ్డకు ఏమివ్వాలి?

తెలుగు ఇళ్లలో మొదటి పుట్టినరోజు చిన్నపాటి పెళ్లంత అయింది. ఫంక్షన్ హాలు, వేదిక, బెలూన్ల తోరణం, ఫొటోగ్రాఫరు, భోజనాలు, వెళ్లేవాళ్ల చేతికి రిటర్న్ గిఫ్టు. వేదిక పక్కనున్న బల్ల మీద రంగు కాగితాల పెట్టెలు గుట్టగా పేరుకుంటాయి. మర్నాడు తీరిగ్గా విప్పి చూస్తే రెండు వాకర్లు, నాలుగు వెండి గ్లాసులు, మూడేళ్లు దాటిన పిల్లలకని పెట్టె మీదే అచ్చేసిన బ్లాకులు, తొడగబోతే భుజాల దగ్గరే ఆగిపోయే గౌన్లు. బిడ్డ మాత్రం పెట్టెకు చుట్టిన కాగితాన్ని చింపుతూ కూర్చుంటుంది. ఇచ్చినవాళ్లందరూ ప్రేమతోనే ఇచ్చారు. కొందరు స్తోమతకు మించి ఖర్చు కూడా పెట్టారు. అయినా ఆ గుట్టలో బిడ్డకు నిజంగా పనికొచ్చేవి రెండో మూడో ఉంటే గొప్ప.

దీనికి మూలం ఒకచోట ఉందని నా నమ్మకం. మొదటి పుట్టినరోజు కానుక ఇద్దరికి చేరుతుంది: ఒకరు ఆ బిడ్డ, ఇంకొకరు ఆ ఇల్లు. బిడ్డ చేతపట్టి ఆడుకునేది వేరు, బిడ్డ పేరున ఇల్లు దాచుకునేది వేరు. ఏది ఇవ్వదలచుకున్నామో ముందు తేల్చుకోకుండా దుకాణం మెట్లెక్కితే రెండింటికీ చెందని వస్తువు చేతికొస్తుంది. సంప్రదాయం ఇచ్చినవి, బజారు అమ్ముతున్నవి, వైద్యులూ చట్టాలూ చెబుతున్నవి అన్నింటినీ ఈ ఒక్క ప్రశ్న దగ్గర పెట్టి చూడాలి.

పాత ఇళ్లలో ఈ చిక్కు తక్కువ, ఎవరు ఏమివ్వాలో ముందే పంచి ఉండేది కనుక. బాలసారె నాటికి ఉయ్యాల, ఉగ్గుగిన్నె, వెండి మొలతాడు అమ్మమ్మగారింటి నుంచి వచ్చేవి. మురుగులో, కాళ్ల గజ్జెలో నాయనమ్మో మేనత్తో పెట్టేవారు. పుట్టువెంట్రుకలకూ చెవులు కుట్టించడానికీ బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకునే మేనమామే బట్టలూ పెట్టేవాడు. ప్రాంతాన్ని బట్టి, కులాన్ని బట్టి ఈ వాటాలు మారేవి గానీ వాటా అనేది మాత్రం ఉండేది. ఏడాది నిండాక అబ్దపూర్తి చేసే ఇళ్లలో తిథీ నక్షత్రమూ చూసుకుని ఆయుష్య హోమం జరిపించి, దగ్గరి బంధువులను పిలిచి, అక్షతలు వేయించి, బిడ్డ చేతిలో నూటపదహార్లు పెట్టించుకునేవారు. ఆఫీసు స్నేహితులు, అపార్ట్‌మెంటు పొరుగువాళ్లు, కాలేజీ నాటి జట్టు ఈ వేడుకలోకి వచ్చాక ఆ పంపకం చెదిరింది. ఇప్పుడు ఎవరికి వారు విడిగా కొంటారు. నాలుగు గ్లాసులు వచ్చేది అందుకే.

అన్నప్రాశన నాడు బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, పూలు, కత్తి పరిచి ఏది పట్టుకుంటుందోనని ఇల్లంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. కొరియాలో ఇదే ఆట మొదటి పుట్టినరోజున జరుగుతుంది. దాన్ని దొల్‌జాబి అంటారు. దారం, కలం, డబ్బు వంటివి పరుస్తారు. చైనాలోనూ ఏడాది నిండిన రోజునే జరుగుతుంది, దాని ప్రస్తావన ఆరో శతాబ్దంలో యాన్ జితుయి రాసిన కుటుంబ బోధనల గ్రంథంలోనే ఉంది. జపాన్‌లో కొన్ని ఇళ్లలో సుమారు 1.8 కిలోల బియ్యపు మోచిని ఏడాది బిడ్డ వీపున కట్టి నడిపిస్తారు. కొరియావాళ్ల పద్ధతిలో నాకు నచ్చినది ఇంకొకటి ఉంది. అక్కడ మొదటి పుట్టినరోజు కానుక అంటే స్థిరపడిపోయిన ఒకే వస్తువు: ఒక దోన్, అంటే 3.75 గ్రాముల బంగారపు ఉంగరం. అది బిడ్డ వేలికి పెట్టి ఆడించేది కాదని ఇచ్చేవాడికీ తెలుసు, పుచ్చుకునేవాడికీ తెలుసు. ఇంటికి దాపు. బంగారం ధర ఆకాశానికి వెళ్లాక అక్కడ ఒక గ్రాము ఉంగరాలు తయారయ్యాయి. కానుక పరిమాణం తగ్గింది, దాని అర్థం మాత్రం చెదరలేదు.

మన వెండి, బంగారాల సంగతీ ఇలాగే తేటగా ఆలోచించాలి. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది, అదే ఏడాది వెండి ధర రెట్టింపును మించింది. కాబట్టి మొహమాటానికి కొనే వస్తువులు కావివి. చిన్న ఉంగరం, చెవిపోగులు కొన్నప్పుడు తరుగు, మజూరీ కింద పోయే సొమ్ము బరువుతో పోలిస్తే ఎక్కువ. ఆరు నెలలకే అవి బిడ్డకు పట్టవు, మార్చబోతే తరుగు మళ్లీ పోతుంది. చాలామందికి తెలియని విషయం మరొకటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి బంగారు నగలను ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ గుర్తింపు సంఖ్య ఉన్న హాల్‌మార్క్‌తోనే అమ్మాలి. అయితే రెండు గ్రాములలోపు బరువున్న వస్తువులకు ఈ నిర్బంధం వర్తించదు. ఏడాది పిల్లల చిన్న నగలు చాలానే ఆ బరువులోపు ఉంటాయి. అందుకే పసిబిడ్డ నగ కొనేటప్పుడే బిల్లులో స్వచ్ఛత రాయించుకోవడం మరింత అవసరం. వెండికి హెచ్‌యూఐడీ గుర్తు 2025 సెప్టెంబరు 1 నుంచి వచ్చింది. అది స్వచ్ఛందం, కాబట్టి గుర్తున్న గ్లాసు కావాలని మనమే అడగాలి. 925 అని ఉంటే నూటికి తొంభై రెండున్నర పాళ్లు వెండి అని లెక్క.

నా మట్టుకు, దగ్గరి బంధువులు బంగారం ఇవ్వదలిస్తే సాదా నాణెం ఇచ్చి బిల్లు తల్లి చేతిలో పెట్టడమే మంచిది. వెండిలోనైతే గిన్నె, గ్లాసు, చెంచా మేలు. ఏడాది బిడ్డ సొంతంగా గ్లాసు పట్టుకుని తాగడం నేర్చుకునే రోజులివి, కాబట్టి ఆ గ్లాసు బీరువాలోకి వెళ్లకుండా వంటింట్లోకి వెళ్తుంది. మువ్వలున్న గజ్జెలు, మురుగులు ముచ్చటే. కాకపోతే మువ్వ ఊడి వస్తుందేమో లాగి చూడాలి, వేడుక అయ్యాక తీసి దాచాలి. మెడలో గొలుసు, పూసల దండ వేసి పసిబిడ్డను నిద్రపుచ్చకూడదు. ఈ ఒక్క మాట దగ్గర ఏ ఆచారానికీ మినహాయింపు ఇవ్వలేను.

డబ్బు విషయానికొస్తే మన చదివింపుల పద్ధతిలో తప్పేమీ లేదు. అయిదు వందల పదహార్లో, వెయ్యి నూటపదహార్లో కవరులో పెట్టి ఇవ్వడాన్ని కొత్తతరం కొంత మోటుగా చూస్తోంది గానీ, బిడ్డ అవసరం తల్లిదండ్రులకే బాగా తెలుసు కాబట్టి అది మర్యాదైన కానుకే. దాన్ని బిడ్డ పేరునే నిలపాలనుకుంటే మార్గాలున్నాయి. ఆడపిల్లకైతే 2015 జనవరిలో మొదలైన సుకన్య సమృద్ధి ఖాతా ఉంది: ఏడాదికి కనీసం 250 రూపాయలు, గరిష్ఠంగా లక్షన్నర, పదిహేనేళ్లు కట్టాలి, తెరిచిన ఇరవై ఒకటో ఏట గడువు తీరుతుంది, బిడ్డకు పద్దెనిమిది నిండాక చదువుకోసం కొంత తీసుకోవచ్చు. ఇక్కడ తాతయ్యలూ అమ్మమ్మలూ గమనించాల్సినది ఒకటుంది. ఈ ఖాతా తల్లిదండ్రులో చట్టబద్ధ సంరక్షకులో మాత్రమే తెరవాలి. ప్రేమకొద్దీ తాతయ్యలు తెరిచిన ఖాతాలను తల్లిదండ్రుల పేరుకు మార్పించాలని 2024 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం చెప్పింది. కాబట్టి ఖాతా అమ్మానాన్నలతో తెరిపించి, మొదటి ఏడాది సొమ్ము మీరు కట్టండి. మగపిల్లాడికీ ఆడపిల్లకూ పీపీఎఫ్ ఉంది, 2024 సెప్టెంబరులో వచ్చిన ఎన్‌పీఎస్ వాత్సల్య ఉంది. వీటిలో సొమ్ము చాలా ఏళ్లు కదలదు. రేపటి ఆసుపత్రి ఖర్చుకు తడుముకునే ఇంటికి ఇలాంటి కానుక సాయం కాదని గుర్తుంచుకుంటే చాలు. పెద్ద మొత్తాలిచ్చే స్నేహితులకు ఇంకో మాట: తాతలు, మేనమామలు, బాబాయిలు ఇచ్చినదానికి పన్ను ఉండదు, బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో యాభై వేలు దాటితే మొత్తానికీ పన్ను లెక్కకొస్తుంది. పెళ్లికున్న మినహాయింపు పుట్టినరోజుకు లేదు.

ఇంటికిచ్చే కానుక గురించి ఇంతే. బిడ్డకిచ్చేదే అసలు కష్టం, ఎందుకంటే ఏడాది బిడ్డ ఎలా ఉంటుందో మనం త్వరగా మరచిపోతాం.

పన్నెండు నెలల బిడ్డ మంచం పట్టుకుని నిలబడుతుంది, గోడ పట్టుకుని పక్కకు నడుస్తుంది, కొందరు తప్పటడుగులు వేస్తారు, కొందరికి ఇంకో మూడు నెలలు పడుతుంది, రెండూ సహజమే. బొటనవేలూ చూపుడువేలూ కలిపి అన్నం మెతుకును ఎత్తగలదు. అంటే నేల మీది చీమనూ గుండుసూదినీ కూడా ఎత్తగలదు. ఎత్తినది తిన్నగా నోటికి వెళ్తుంది. దేన్నయినా గిన్నెలో వేయడం, తీయడం, మళ్లీ వేయడం గంటసేపు విసుగు లేకుండా చేస్తుంది. మూత కింద దాచిన వస్తువు అక్కడే ఉందని తెలుసు, అందుకే దాగుడుమూతలకు కిలకిలా నవ్వుతుంది. అమ్మ ఫోనులో మాట్లాడితే చేతిలోని గరిటెను చెవికి పెట్టుకుంటుంది. మాటలు ఒకటో రెండో వచ్చినా, విని అర్థం చేసుకునేవి అంతకు ఎన్నో రెట్లు. ఈ బిడ్డకు బొమ్మ ఎంచడమంటే ఈ నాలుగు పనులకు సరుకు అందించడమే: పట్టుకుని నిలబడడం, వేయడం తీయడం, అనుకరించడం, వినడం. స్టీలు గిన్నెలు ఒకదానిలో ఒకటి పట్టే సెట్టు, రింగులు గుచ్చే కర్ర, గట్టి చెక్క దిమ్మెలు, తోసుకుంటూ నడిచే మూడు చక్రాల కర్ర బండి, మెత్తటి బంతి. వీటిలో ఏదీ కొత్తది కాదు, పెద్ద ఖరీదు కూడా కాదు.

అన్నీ నోట్లోకి వెళ్తాయి కాబట్టి ప్రమాదాల లెక్క ముందు చూసుకోవాలి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి ప్రపంచమంతా వాడే కొలత ఒకటుంది: 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం. బొమ్మ గానీ, దాని నుంచి ఊడే భాగం గానీ ఏ కోణంలోనైనా అందులో పూర్తిగా పట్టిందంటే అది ఆ వయసు పిల్లలకు పనికిరాదు. మన పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లు, దానికంటే కాస్త పెద్ద వస్తువైనా గొంతుకు అడ్డం పడగలదని అర్థం. బంతులకు కొలత ఇంకా పెద్దది, 44.5 మిల్లీమీటర్లు. నలభై మిల్లీమీటర్ల టేబుల్ టెన్నిస్ బంతి కూడా ఈ పరీక్ష దాటదు. గోళీలు, పూసలు, బొమ్మకు అతికించిన ప్లాస్టిక్ కళ్లు ఎక్కడుంటాయో చెప్పనక్కర్లేదు. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు జెల్ పూసలు కడుపులోకి వెళ్లినా ఉబ్బుతాయి, పేగుకు అడ్డం పడతాయి. రెండు అయస్కాంతాలు మింగితే పేగుల గోడలకు అటూ ఇటూ అతుక్కుని రంధ్రం చేయగలవు.

అన్నింటికన్నా భయపడాల్సినది బటన్ బ్యాటరీ. పాటలు పాడే బొమ్మల్లో, వెలిగే గిలక్కాయల్లో, సంగీతం వినిపించే గ్రీటింగ్ కార్డుల్లో ఇది ఉంటుంది. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి పొరను తీవ్రంగా కాల్చేస్తుంది. బ్యాటరీ అర మూతకు స్క్రూ లేని బొమ్మను ఎంత ముద్దుగా ఉన్నా వదిలేయండి. మింగిందన్న అనుమానం కలిగితే చాలు, నిర్ధారణ కోసం ఎదురుచూడకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇక బెలూన్లు. వేడుక అలంకరణలో పిల్లల ప్రాణానికి వాటికంటే ముప్పు కలిగించేది లేదు: పగిలిన రబ్బరు ముక్క గొంతులో పొరలా అంటుకుని గాలి ఆపేస్తుంది. హాలు ఖాళీ చేసే ముందు నేల మీది ముక్కలు ఏరించే పని ఎవరైనా మీద వేసుకుంటే అదీ ఆ బిడ్డకు కానుకే.

చట్టం మనకు కొంత తోడుంది. 2019లో భారత నాణ్యతా మండలి ఢిల్లీ ప్రాంతపు బజార్ల నుంచి తెచ్చి పరీక్షించిన దిగుమతి బొమ్మల్లో దాదాపు మూడింట రెండు వంతులు భద్రతా పరీక్షల్లో తప్పాయి. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలన్నింటికీ ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. దిగుమతి సుంకం 2020లో ఇరవై నుంచి అరవై శాతానికి, 2023లో డెబ్బైకి పెరిగింది. అయినా బేగంబజార్‌లోనో బీసెంట్ రోడ్డులోనో బుట్టలో పోసి అమ్మే బొమ్మల మీద ఆ గుర్తు ఎప్పుడూ ఉంటుందని అనుకోవద్దు. పెట్టె వెనక్కి తిప్పి గుర్తు, దాని కింద లైసెన్సు నంబరు, వయసు రాసిన చోటు చూడడానికి అర నిమిషం చాలు.

అయితే ఈ చట్టంలో ఒక మినహాయింపు ఉంది, అది మన బొమ్మలకు నేరుగా సంబంధించినది. హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసేవాటికీ, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులను అధీకృతంగా చేసేవాళ్లకూ ఐఎస్ఐ గుర్తు అక్కర్లేదు. చిన్న చేతిపనివాళ్లు ప్రయోగశాల రుసుములు కట్టలేరు కాబట్టి ఇది న్యాయమే. దానివల్ల భరోసా చూసుకునే బాధ్యత మాత్రం కొనేవాళ్ల మీద పడింది.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక బొమ్మలు ఏడాది బిడ్డ కోసమే పుట్టాయా అనిపిస్తాయి. మెత్తగా ఉండే అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ గుండ్రంగా చెక్కుతారు. అలా తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్ర చుట్టూ పట్టుకుంటుంది. పదునైన మూల ఉండదు, పెచ్చుగా లేచే పెయింటు పొర ఉండదు. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి రంగులు తీసే పద్ధతిని అక్కడ మళ్లీ నిలబెట్టడానికి దశాబ్దాలు శ్రమించిన చింతలపాటి వెంకటపతి రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లో దక్కింది. గిలక్కాయ, రింగుల గోపురం, తాడు కట్టి లాగే బండి, లక్కపిడతలు అన్నీ అక్కడ తయారవుతాయి. లక్కపిడతల్లో చిన్నవి మాత్రం మూడేళ్లు దాటేదాకా ఆగాలి. పైన చెప్పిన గొట్టం పరీక్షలో అవి దొరికిపోతాయి. ఇంకో జాగ్రత్త: ఏటికొప్పాక పేరుతో రసాయన రంగుల బొమ్మలూ అమ్ముతారు. సహజ రంగులేనా అని అడిగి, కళాకారుల సంఘం దగ్గరో లేపాక్షి దుకాణంలోనో కొనడం మేలు. కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలదీ ఇదే లక్క పని, ఇవే ప్రశ్నలు వాటికీ వర్తిస్తాయి.

కొండపల్లి బొమ్మల మీద నాకున్న మమకారం తక్కువ కాదు, కానీ అవి బిడ్డ చేతికిచ్చేవి కావు. తెల్ల పొణికి కర్రతో ముక్కలుగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికించి, సున్నం పూసి పైన రంగులేస్తారు. అంబారీ ఏనుగు తొండం ఏడాది బిడ్డ చేతిలో ఒక పూట నిలవదు, రంగు నోట్లోకి పోతుంది. నిర్మల్ బొమ్మలదీ అలమరలో చోటే. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకుముందు రంగేసిన పాత బొమ్మలు, పాత ఉయ్యాలలు బిడ్డకు ఇవ్వదలిస్తే ముందు పాత రంగు సంగతి ఆలోచించాలి. కొండపల్లి దశావతారాలు ఇవ్వాలనిపిస్తే ఇంటికిచ్చే కానుకగా ఇవ్వండి, బొమ్మల కొలువుకు అందం తెస్తాయి.

బజారులో ఇప్పుడు ఎక్కువ అమ్ముడయ్యేవి మీట నొక్కితే వెలిగి, పాడి, ఇంగ్లిషు అక్షరాలు వల్లించే బొమ్మలు. నేర్పిస్తాయని పెట్టె చెబుతుంది. 2015 డిసెంబరులో వెలువడిన ఒక అధ్యయనం దీన్నే పరీక్షించింది. ఉత్తర అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన ఆనా సోసా, పది నుంచి పదహారు నెలల పిల్లలున్న 26 ఇళ్లలో తల్లిదండ్రులూ బిడ్డా ఆడుకునే వేళ మాటలను రికార్డు చేశారు. ఎలక్ట్రానిక్ బొమ్మలున్నప్పుడు పెద్దవాళ్లు తక్కువ మాట్లాడారు, బిడ్డ ఊకొట్టడమూ తగ్గింది. పుస్తకాలతో మాటలు అన్నింటికన్నా ఎక్కువ, దిమ్మెలూ పజిళ్లూ మధ్యలో నిలిచాయి. బొమ్మ మాట్లాడుతుంటే అమ్మ ఊరుకుంటుంది. బిడ్డకు భాష వచ్చేది అమ్మ నోటి నుంచే. ఇది చిన్న అధ్యయనం, పాల్గొన్న కుటుంబాలు ఇంచుమించు ఒకే తరహావి, కాబట్టి తుదితీర్పు అనలేం. అయినా అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2018లో బొమ్మల ఎంపికపై ఇచ్చిన నివేదికదీ ఇదే దారి: పెద్దవాళ్లతో కలిసి ఆడించే సాదా బొమ్మలే ముందు. అదే ఏడాది టొలీడో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధనలో పదహారు బొమ్మల మధ్య కంటే నాలుగు బొమ్మల మధ్య పిల్లలు ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. వాళ్లు ఏడాదిన్నర దాటినవాళ్లు గానీ, గుట్టలుగా వచ్చే కానుకలను ఒకేసారి విప్పకుండా నెలకు రెండు చొప్పున బయటికి తీయమని ఏ తల్లికైనా చెప్పడానికి అది చాలు. ట్యాబ్లెట్లూ పిల్లల ఫోన్లూ ఇచ్చేవాళ్లకు సమాధానం ఇంకా సూటిగా ఉంది. ఏడాది వయసులో తెర ముందు కూర్చోబెట్టడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల్లో సిఫారసు చేయలేదు, భారత పిల్లల వైద్యుల సంఘం రెండేళ్లలోపు వద్దనే అంటోంది.

వాకర్ ఇవ్వకండి. నడక త్వరగా వస్తుందన్నది అపోహ. మెట్ల మీంచి పడడం, వేడి గిన్నె అందుకోవడం, నీళ్ల సంపు దాకా దొర్లిపోవడం మాత్రం నిజం. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది. అమెరికాలో 1990 నుంచి 2014 వరకు పదిహేను నెలలలోపు పిల్లలు 2,30,000 మందికి పైగా వాకర్ ప్రమాదాలతో అత్యవసర విభాగాలకు చేరారని, ఎక్కువమంది మెట్ల మీంచి పడినవాళ్లేనని 2018లో వచ్చిన లెక్క. మన తాతల నాటి మూడు చక్రాల కర్ర బండిలో బిడ్డ తన కాళ్ల మీద తానే నిలబడుతుంది, ఆపాలంటే ఆగుతుంది.

ఎవరూ కానుకగా ఊహించని వస్తువు ఒకటి చెబుతాను. మన ఊళ్లలో ఏడాది బిడ్డ ప్రయాణం నాన్న బైకు మీద, అమ్మానాన్నల మధ్యనో పెట్రోలు ట్యాంకు మీదనో సాగుతుంది. నాలుగేళ్లలోపు పిల్లలను బైకు నడిపేవారికి పట్టీలతో కట్టాలని, తొమ్మిది నెలలు దాటినవాళ్లకు హెల్మెట్ పెట్టాలని, గంటకు నలభై కిలోమీటర్లు మించరాదని 2022లో వెలువడిన కేంద్ర నిబంధన ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. రోడ్ల మీద ఆ పట్టీ కట్టిన బిడ్డ ఎంత అరుదుగా కనిపిస్తుందో మీకూ తెలుసు. ఒక మంచి హార్నెస్, తలకు సరిపడే చిన్న హెల్మెట్ ఇచ్చిన బాబాయి ఆ బిడ్డకు వెండి కంచం ఇచ్చినవాళ్లకంటే ఎక్కువే చేసినట్టు. కారున్న ఇంటికి చైల్డ్ సీటు. ఖరీదు ఎక్కువ కాబట్టి నలుగురైదుగురు స్నేహితులు కలిసి కొనవచ్చు. బిడ్డను సీటు బెల్టుతోనో ఇలాంటి సీటులోనో కూర్చోబెట్టకపోతే 2019 చట్ట సవరణ ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది.

బట్టల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఏడాది బిడ్డకు ఏడాది సైజు కొనకండి, ఏడాదిన్నర నుంచి రెండేళ్ల సైజు కొని వచ్చే కాలం వేసవో చలో చూసుకోండి. జరీ గరుకైన పట్టు పావడా ఫొటోకు బాగుంటుంది, బిడ్డ మాత్రం ఏడుస్తుంది. మేనమామ ముచ్చట తీర్చుకోవాలంటే మంగళగిరి నూలు గుడ్డతో కుట్టించిన లంగా జాకెట్టు, లోపల మెత్తని అస్తరు వేయించి ఇస్తే ఏడాది పొడుగునా తొడుక్కుంటుంది.

నేను ముందు వరుసలో పెట్టేది పుస్తకాన్నే. ఏడాది బిడ్డ పుస్తకాన్ని నములుతుంది, తలకిందులుగా పట్టుకుంటుంది, ఒకే పేజీ పదిసార్లు తిప్పుతుంది. అది చదువు మొదలవడమే. పుట్టినప్పటి నుంచే పిల్లలకు చదివి వినిపించమని అమెరికా అకాడమీ 2014లో వైద్యులకు సూచించింది. ఆ వయసుకు కావలసినవి మందపాటి అట్ట పేజీలు, పేజీకి ఒక పెద్ద బొమ్మ, ఒకటి రెండు మాటలు. చెన్నైలోని తూలిక, బెంగళూరులో 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్, సికింద్రాబాదులోని మంచి పుస్తకం తెలుగులో పిల్లల పుస్తకాలను అందుబాటు ధరలకు తెస్తున్నాయి. ప్రథమ్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. వీటిలో చాలావరకు మూడేళ్లు దాటినవాళ్లకు, పల్చటి కాగితం మీద అచ్చయినవి. అమ్మ చదివి వినిపించడానికి బాగుంటాయి, బిడ్డ చేతికి ఇంకా తొందర. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెరుగుతున్న బిడ్డకు ఇక్కడినుంచి ఏదైనా పంపాలనుకునే అమ్మమ్మకు నా సలహా ఒకటే. తాతయ్య, అమ్మమ్మ, పిన్ని, మామయ్య, ఇంటి ముందు వేపచెట్టు, తులసికోట ఫొటోలు పెద్దవిగా తీయించి, లామినేషన్ చేయించి, మూలలు గుండ్రంగా కత్తిరించి, పది పేజీల పుస్తకంగా కుట్టించండి. వీడియో కాల్‌లో రోజూ కనిపించే ముఖాలకు ఆ పేజీల్లో పేర్లు దొరుకుతాయి. ఇంతకంటే మంచి కానుక నాకు తెలిసి ఏ దుకాణంలోనూ లేదు.

పెద్దలు అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది: తల్లిదండ్రులను ముందే ఏం కావాలని అడగడం మర్యాదేనా? అడిగితే కానుక కళ తప్పుతుందని కొందరు, అడక్కపోతే అదనపు చెత్త అని కొందరు. పాత పంపకం చెదిరినచోట అడగడమే మర్యాద అని నా తీర్పు. దగ్గరివాళ్లు ఇంటికి దాపు ఇవ్వాలి, కలిసి కొనగలిగినవాళ్లు భద్రత ఇవ్వాలి, మిగతా అందరం ఒక్క బొమ్మో ఒక్క పుస్తకమో ఇస్తే చాలు.

చివరగా రెండు విన్నపాలు. తెలుగు ప్రచురణకర్తలారా, ఏడాది బిడ్డ నమిలినా చిరగని అట్ట పేజీల తెలుగు పుస్తకాలు ఇంకా ఎన్నో కావాలి, పుట్టినరోజులకు కొనేవాళ్లం ఉన్నాం. లేపాక్షి, గోల్కొండ దుకాణాలు నడిపే ప్రభుత్వ సంస్థలారా, మీరు అమ్మే ప్రతి చెక్కబొమ్మ మీద అది ఏ వయసు బిడ్డకో, రంగు సహజమైనదో కాదో తెలుగులో ఒక చీటీ అంటించండి.